నువ్వు ఎవరి దిక్కు?

(గ్రామాల్లో మానసిక ఆరోగ్య సేవల్లో చేరబోతున్న క్షేత్ర కార్యకర్తలకు నల్లగొండలో జరిగిన శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం. ఇందులో వచ్చే మనుషులను ఎవరూ గుర్తుపట్టకుండా ఊళ్లు, కొన్ని వివరాలు మార్చాను.)

అందరికీ నమస్కారం.

కేస్ మేనేజర్‌కూ, అంటే జబ్బు ఉన్న మనిషి ఇంటికి పోయి బాగోగులు చూసే మీలాంటి కార్యకర్తకూ, క్లయింటుకూ, అంటే ఆ మనిషికీ మధ్య ఉండే సంబంధం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ రెండు మాటలూ మీ నియామక పత్రాల్లో ఉన్నాయి, రేపటి నుంచి మీరు నింపబోయే రిజిస్టర్లలోనూ ఉన్నాయి. మీరు తిరగబోయే ఊళ్లలో మాత్రం వాటి అర్థం వేరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దేవరకొండ వైపు ఒక తండాలో ఒక ఇంటి ముందు నిలబడి, ‘మీ కేసు గురించి మాట్లాడటానికి వచ్చాను’ అన్నాను. ఆ ఇంటి పెద్దాయన మంచం మీద నుంచి లేచి, భుజం మీది తువ్వాల సర్దుకుని, ‘మేం ఎవరి జోలికీ పోలేదు మేడం, మా మీద కేసెవరు పెట్టిండ్రు?’ అని అడిగాడు. మన పల్లెల్లో కేసంటే పోలీసుల కేసు, క్లయింటంటే వకీలు చుట్టూ తిరిగే మనిషి. ఎవరో మంచిచెడ్డలు చూడటానికి వచ్చారన్న భావన ఆ రెండు మాటల్లో ఎక్కడా లేదు. అందుకని రిజిస్టరులో రాయవలసిన మాట రిజిస్టరులోనే ఉంచి, గడప ముందు మాత్రం ‘మీ తమ్ముడి ఆరోగ్యం ఎట్ల ఉందో చూసిపోదామని వచ్చిన’ అని చెప్పడం నేర్చుకున్నాను. ఈ ప్రసంగంలో కూడా వీలైనంతవరకు ‘మనిషి’ అనే అంటాను.

ఈ సంబంధానికి సరిపోయే మాట నాకు పాఠ్యపుస్తకాల్లో దొరకలేదు. సాగర్ ఎడమ కాలువ కింది ఒక ఊళ్లో, నా మీద కోపంతో ఊగిపోతున్న ఒక యువకుడి నోట దొరికింది. ఆ మాట ‘దిక్కు’. మన దగ్గర దిక్కు అంటే వైపు. ‘మీ దిక్కు వానలు పడ్డాయా’ అని అడుగుతాం. దిక్కు అంటే ఆసరా కూడా. ‘దిక్కులేని మనిషి’ అంటాం. మన ఉద్యోగంలో ఈ రెండు అర్థాలూ ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. ఒకరికి ఆసరాగా నిలబడాలంటే ముందు వాళ్ల వైపు నిలబడాలి, ఆ నిలబడటం వాళ్లకు కనబడాలి. ఈ పాఠం నేర్చుకోవడానికి నాకు ఒక తప్పు, ఆ తప్పు మీద 8 నెలలు ఖర్చయ్యాయి. దాని గురించే ఎక్కువగా చెబుతాను.

ఆ యువకుడికి అప్పుడు 24 ఏళ్లు. డిగ్రీ రెండో సంవత్సరంలో చదువు ఆగిపోయింది. ఎవరూ లేనప్పుడు మాటలు వినబడేవి. ఊళ్లో నలుగురు ఒకచోట కూర్చుంటే తన గురించే మాట్లాడుకుంటున్నారని నిశ్చయించుకునేవాడు. ఎర్రగడ్డ దవాఖానకు పోయి వచ్చాక కొన్నాళ్లు గోలీలు వేసుకున్నాడు, ఆ తరువాత మానేశాడు. తండ్రి లేడు. తల్లి పొద్దున నాట్లకో కలుపుకో పోయి, తిరిగి వచ్చేటప్పటికి కొడుకు ఇంట్లో ఉంటాడో లేడో తెలియని భయంతో బతికేది. ఆ ఉగాది దాటిన తరువాత ఒకరోజు ఆమె నన్ను దొడ్డి వైపు తీసుకుపోయి, మెల్లగా, ‘బిడ్డా, నీకు చెప్పకపోతే పాపం తగులుతది, గోలీలు పొడి చేసి సల్లల కలిపి ఇస్తున్న, ఇప్పుడు మంచిగ పండుకుంటుండు, నువ్వైతే వానికి చెప్పకు’ అన్నది. నేను చెప్పనన్నాను. ఆమె కళ్లలో ఎన్నో నెలల తరువాత కొంత నిద్ర కనిపించింది, అతను కూడా కొంత కుదుటపడ్డట్టే ఉన్నాడు. ఒప్పుకోవడానికి నాకు ఈ రెండు కారణాలూ చాలినట్టనిపించాయి.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం నేను వాళ్లింట్లో కూర్చుని ఉండగానే ఆ సంగతి బయటపడింది. అతను స్టీలు గ్లాసులోని చల్ల సగం తాగి, ఎందుకో ఆగి, మిగిలినదాన్ని మెల్లగా గచ్చు మీద ఒంపాడు. గ్లాసు అడుగున తడి సున్నం లాంటి తెల్లటి పొడి అంటుకుని ఉంది. చూపుడు వేలితో దాన్ని తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. తల్లిని ఒక్క మాట కూడా అనలేదు, కనీసం ఆమె వైపు చూడలేదు. నా వైపు తిరిగి, ‘నీకు ఎరుకేనా అక్కా?’ అని అడిగాడు. నేను మాట్లాడలేదు. ‘నువ్వు ఎవరి దిక్కు? మా అమ్మ దిక్కా, నా దిక్కా?’ అన్నాడు. ‘అందరి దిక్కు తమ్మీ’ అన్నాను నేను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా నోట వచ్చిన అబద్ధాల్లో అంతకంటే పెద్దది లేదు.

మరొకటి కూడా ఆలోచించండి. తనను ఎవరో మోసం చేస్తున్నారని, తన తిండిలో ఏదో కలుపుతున్నారని నమ్మే జబ్బు అతనిది. అది నిజం కాదని నేను ఏడాది పాటు చెబుతూ వచ్చాను. చివరకు అది నిజమే అయింది, అందులో నాకూ భాగముంది. ఆ రోజు నుంచి అతను తల్లి చేతి అన్నం ముట్టలేదు, విడిగా పొయ్యి పెట్టుకుని వండుకున్నాడు. నన్ను గడప తొక్కనివ్వలేదు.

తప్పు ఆ తల్లిదని నేను అనను. ఆమెకు ఇంకే దారీ చూపించనిది మేమే. దొడ్డి వైపు పిలిచినప్పుడు నేను అనవలసిన మాట ఒకటుంది: ‘అమ్మా, నువ్వు పడుతున్న కష్టం నాకు తెలుసు, కానీ నేను ఇది దాచలేను, మనం ముగ్గురం కూర్చుని డాక్టరు ముందే మాట్లాడదాం’ అని. ఆ మాట అంటే ఆమె నొచ్చుకునేది. ఆ నొప్పి ఎనిమిది రోజుల్లో తగ్గేది.

ఆ తరువాత నేను చేసింది చాలా చిన్న పని. ప్రతి నెలా రెండో మంగళవారం ఆ ఊరికి పోయేదాన్ని. వాకిట్లోకి పోకుండా ఎదురుగా ఉన్న వేపచెట్టు కింద నిలబడి, ‘తమ్మీ, ఇయ్యాల వచ్చిన, మళ్ల వచ్చే నెల రెండో మంగళవారం వస్త’ అని చెప్పి తిరిగి బస్సెక్కేదాన్ని. మూడు నెలలు లోపలి నుంచి అలికిడి కూడా లేదు. నాలుగో నెల వాన పడుతుంటే బస్సు ఆలస్యమై సాయంత్రం చేరాను. అప్పుడు లోపలి నుంచి, ‘ఇయ్యాల రావనుకున్న’ అన్న మాట వినబడింది. నేను వస్తానో రానో అతను చూస్తున్నాడని నాకు అప్పుడు తెలిసింది. మన ఉద్యోగంలో చెప్పిన రోజున చెప్పిన చోటికి పోవడాన్ని మించిన విద్య లేదని నా అభిప్రాయం. కౌన్సెలింగ్ పద్ధతులు మీకు ఈ వారమంతా నేర్పుతారు, నేర్చుకోండి. కానీ ఆ మనిషి లెక్కపెట్టేది మీరు వచ్చిన రోజులనే.

సంక్రాంతి నాటికి అతను వేపచెట్టు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గోలీలు ఎందుకు మానేశావని అప్పుడు అడిగాను. అంతకుముందు ఏడాది కాలంలో వేసుకో వేసుకో అని చెప్పాను తప్ప, ఎందుకు వేసుకోవడం లేదని ఒక్కసారి కూడా అడగలేదు. అతను తన పాదాల వైపు చూపించాడు. ‘ఆ గోలీ పడితే కాళ్లు ఒక్కతాన నిలవవు అక్కా, కూసుంటే లేవాలె, లేస్తే నడవాలె, పండుకుంటే పిక్కలల్ల చీమలు పారినట్టు ఉంటది, దాని కంటే ఆ మాటలు ఇనబడుడే నయం’ అన్నాడు. మానసిక జబ్బుకు ఇచ్చే కొన్ని మందుల వల్ల వచ్చే అస్థిమితం అది. దాన్ని డాక్టర్లు అకథీజియా అంటారు. మోతాదు తగ్గించో, మందు మార్చో, మరో మందు జోడించో దాన్ని అదుపు చేయవచ్చు. తల్లి, నేను ఇద్దరం దాన్ని ‘మొండితనం’ అనుకున్నాం. డాక్టరు దగ్గరికి అతనే వచ్చి చెప్పుకున్నాడు, మందు మారింది. ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు పాత ప్రశ్నకు నేను కొత్త జవాబు ఇచ్చాను: ‘నేను నీ దిక్కే. మీ అమ్మతోని కూడ మాట్లాడుత. కానీ నీకు తెల్వకుంట మాట్లాడ.’ ఇన్నేళ్లుగా నేను పట్టుకుని ఉన్న నియమం ఆ మూడో వాక్యమే.

ఇప్పుడు కొంచెం చరిత్ర చెప్పుకుందాం. కేస్ మేనేజ్‌మెంట్ అనే పద్ధతి మన నేల మీద పుట్టింది కాదు. అమెరికాలో 1963లో సమాజ మానసిక ఆరోగ్య చట్టం వచ్చిన తరువాత పెద్ద పెద్ద పిచ్చాసుపత్రుల నుంచి మనుషులను బయటికి పంపడం వేగం పుంజుకుంది. బయటికి వచ్చిన మనిషికి ఇల్లు, మందులు, పింఛను, పని అన్నీ వేరు వేరు కార్యాలయాల్లో ఉండేవి. వాటన్నిటి మధ్య అతని చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. 1970లలో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్ నగరంలో లెనార్డ్ స్టెయిన్, మేరీ ఆన్ టెస్ట్ అనే ఇద్దరు, ఆసుపత్రి వార్డులో పనిచేసే సిబ్బందినే బయటికి తీసుకుపోయి, మనిషి ఉండే చోటనే అన్నీ నేర్పించే పద్ధతిని రూపొందించారు. 1980లలో కాన్సస్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ రాప్, ఆయన సహచరులు, జబ్బు చుట్టూ కాకుండా మనిషికి ఉన్న బలాల చుట్టూ పని సాగాలని చెప్పారు. ఇవన్నీ గొప్ప పనులే. అయితే వాటిలో చాలావాటి వెనుక ఉన్న బొమ్మ, నగరంలో ఒక అద్దెగదిలో ఒంటరిగా ఉండే మనిషిది.

మన బొమ్మ అది కాదు. మనం పోయే ఇంట్లో ఆ మనిషి పక్కన తల్లి ఉంటుంది, లేదా భార్య ఉంటుంది, వాకిట్లో పెద్దనాన్న ఉంటాడు, గోడ అవతల చెవులు రిక్కించి పక్కింటివాళ్లు ఉంటారు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్, రోగులతో పాటు వాళ్ల ఇంటివాళ్లను కూడా ఆవరణలో డేరాల్లో ఉంచి వైద్యం చేశారు. పడమటి దేశాలు కుటుంబాన్ని దూరం పెట్టిన కాలంలో ఆయన కుటుంబాన్ని లోపలికి పిలిచారు. అది మనకు గర్వకారణమే. దాంతోపాటే మన చిక్కు కూడా మొదలైంది. అక్కడి కేస్ మేనేజర్ ఎదుట ఒక్కరే కూర్చుంటారు. మన ఎదుట కనీసం ఇద్దరు కూర్చుంటారు, ఎక్కువగా మాట్లాడేది రెండోవాళ్లు. మీరు ఒక పని చేయండి: మొదటి నెల రోజులు, ప్రతి ఇంటి నుంచి బయటికి వచ్చాక, మీతో ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో గుర్తు చేసుకుని డైరీలో రాసుకోండి. అరగంటలో ఆ మనిషి రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదని చాలాసార్లు తేలుతుంది.

ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త 1979లో, సహాయం చేసేవాళ్లకూ పొందేవాళ్లకూ మధ్య పొత్తు కుదరాలంటే మూడు ఉండాలన్నాడు: ఎక్కడికి పోవాలో ఇద్దరికీ ఒప్పుదల, అందుకు ఏం చేయాలో ఒప్పుదల, ఇద్దరి మధ్య అనుబంధం. మన దగ్గర చాలామంది మూడోదాంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. అక్కా తమ్మీ అని పిలుచుకోవడంతో అనుబంధం వచ్చేసిందనుకుంటారు. మొదటిది అడగరు. నేను చెప్పిన యువకుడు ఎక్కడికి పోవాలనుకున్నాడో తెలుసా? అన్న బండి మీద ఒక్కడే మిర్యాలగూడ దాకా పోయి రావాలనుకున్నాడు. తల్లి ఎక్కడికి పోవాలనుకుంది? పెళ్లికి. ‘పెండ్లి చేస్తే అదే కుదురుకుంటది’ అన్న మాట మీరు ప్రతి రెండో ఇంట్లో వింటారు. దాని వెనుకే, ‘పిల్ల తరపోళ్లు అడిగితే మంచిగనే ఉన్నడని చెప్పు మేడం’ అన్న మాట వస్తుంది. నేను ఆ అబద్ధం చెప్పను. అలాగని పిల్ల ఇంటికి పోయి నిజం చెప్పి రాను కూడా. చెప్పవలసింది అతను, చెప్పే ధైర్యం రావడానికి సాయం చేయడం వరకే నా పని. ముఖ్యమైన సంగతి దాచి చేసిన పెళ్లిని రద్దు చేయమని కోర్టుకు పోయే వీలు హిందూ వివాహ చట్టంలో ఉందని ఇంటివాళ్లకు చెప్పడం మాత్రం మరిచిపోకండి.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, జబ్బు ఉన్న మనిషి తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తానే ఎంచుకోవచ్చని చెబుతుంది. ఆ ప్రతినిధి తల్లే కావాలని, భర్తే కావాలని లేదు. ఆ యువకుడు తన మేనమామ పేరు రాశాడు. తల్లి రెండు రోజులు అన్నం తినలేదు. ఆ కాగితం నేనే రాయించానని ఆమె ఇప్పటికీ అనుకుంటుంది.

గోలీల పట్టీలు లెక్కపెట్టే అలవాటు గురించి చెప్పాలి. మేకుకు వేలాడదీసిన ప్లాస్టిక్ కవరు దించి, అందులోని పట్టీలు బయటికి తీసి, ఖాళీ అయినవి ఎన్ని, నిండుగా ఉన్నవి ఎన్ని అని చూసే పని ప్రతి కార్యకర్తా చేస్తాడు, మన రిజిస్టరు కూడా ఆ అంకె అడుగుతుంది. కానీ ఆ కవరు మీరు దించిన మరుక్షణం మీరు తనిఖీకి వచ్చిన మనిషి అయిపోతారు. కవరు ఆ మనిషినే దించమనండి, లెక్క కూడా వాళ్లనే పెట్టమనండి. మిగిలిన గోలీలు ఎక్కువగా ఉంటే, ‘ఇవి ఎందుకు మిగిలినయ్’ అని అడిగే తీరులో ఆరా ఉండాలి కానీ విచారణ ఉండకూడదు. క్లోజపిన్ వాడేవాళ్లకు తెల్లరక్తకణాల పరీక్ష, లిథియం వాడేవాళ్లకు రక్తంలో దాని మోతాదు పరీక్ష క్రమం తప్పకుండా జరగాలి. అక్కడ మాత్రం మొహమాటం వద్దు, తేదీ వెంటపడి అడగండి.

పింఛను గురించి కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను, ఎందుకంటే ఈ సంబంధాన్ని అంతగా పరీక్షించేది ఇంకొకటి లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెప్పే వైకల్యాల జాబితాలో మానసిక జబ్బు కూడా ఉంది. 40 శాతం, ఆపైన అని వైకల్య సర్టిఫికెట్ వస్తే మన రాష్ట్రంలో వికలాంగుల పింఛనుకు దారి దొరుకుతుంది. 2023లో ఆ మొత్తాన్ని 4,016 రూపాయలు చేశారు. సర్టిఫికెట్ కోసం క్యాంపుకు తీసుకుపోయేది మీరే. ఇన్నాళ్లూ ‘నువ్వు బాగవుతున్నవ్, నీకు చాతనైతది’ అని చెప్పిన నోటితోనే ఆ రోజు క్యాంపులో ‘ఈయనకు చాత కాదు’ అని చెప్పవలసి వస్తుంది. మనిషి పక్కనే నిలబడి వింటుంటాడు. నాగర్‌కర్నూల్ వైపు ఒక నడివయసు చెల్లె, క్యాంపు నుంచి బయటికి రాగానే, ‘అక్కా, ఇండ్ల ఏది నిజం?’ అని అడిగింది. అప్పటి నుంచి క్యాంపుకు ముందు రోజే చెబుతున్నాను: రేపు నేను నీ కష్టపు రోజుల గురించి చెబుతాను, మంచి రోజుల గురించి చెప్పను, అక్కడ అడిగేది వాటి గురించే.

డబ్బు వచ్చిన తరువాత మరో ఇబ్బంది. పాస్‌బుక్కు ఎవరి దగ్గర ఉంటుంది, వేలిముద్ర ఎవరు వేయిస్తారు, ఆ డబ్బులో ఆ మనిషి చేతికి ఎంత వస్తుంది అన్నది ఇల్లిల్లుకూ ఒక తీరు. తమ్ముడి పింఛనుతో అన్న కిస్తీలు కట్టుకుంటున్న ఇళ్లు నేను చూశాను. అదే అన్న ఆ తమ్ముణ్ని పదేళ్లుగా పోషిస్తున్నాడు కూడా. ఇక్కడ తీర్పు చెప్పే తొందర పెట్టుకోకండి. నెలకు 500 రూపాయలైనా ఆ మనిషి చేతిలో పడేలా మాట్లాడగలిగితే, ఆ 500తో అతను ఎక్కడికి పోతాడో, ఏం కొనుక్కుంటాడో చూడండి. ఒకాయన మొదటి నెల తన డబ్బుతో గడ్డం గీయించుకుని వచ్చాడు. ఆ గడ్డం గురించి ఇంట్లో రెండేళ్లుగా గొడవ జరుగుతూ ఉండేది.

కల్లు సంగతి వేరు. పాలమూరు పల్లెల్లో కల్లు దుకాణం పొద్దటి చాయ్ లాంటిది, ఎవరూ దాన్ని తాగుడు కింద లెక్కపెట్టరు. కల్తీకల్లులో క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, అల్ప్రజోలమ్ లాంటి మత్తు మందులు కలుపుతారన్నది అందరికీ తెలిసిన రహస్యం. 2015లో దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా తగ్గినప్పుడు చేతులు వణుకుతూ, మూర్ఛలు వస్తూ, పిచ్చిగా మాట్లాడుతూ మనుషులు దవాఖానలకు వచ్చారు. కనుక ‘ఈ రోజు నుంచే బంద్ చెయ్’ అని ప్రేమతో కూడా అనకండి, ముందు డాక్టరుకు చూపించండి. మనిషి తాగుతున్న సంగతి మీతో చెప్పాడంటే మిమ్మల్ని నమ్మాడని అర్థం. ఆ సంగతి ఇంటివాళ్ల దగ్గర ఎత్తితే మళ్లీ చెప్పడు.

వలస పోయేవాళ్లతో సంబంధం ఫోనులో సాగుతుంది. నారాయణపేట, మక్తల్ వైపు నుంచి ముంబైకో పుణెకో పోయే గుంపులో మీ మనిషి ఉంటే, మూడు నెలల మందులు, చీటీ నకలు అతని చేతిలో ఉండాలి. గుంపు మేస్త్రీకి జబ్బు సంగతి చెప్పాలా వద్దా అన్నది అతనే తేల్చుకోవాలి, ఎందుకంటే చెబితే కూలీ తగ్గించే మేస్త్రీలు ఉన్నారు, చెప్పకపోతే జబ్బు ముదిరిన రోజున దారిలో వదిలేసి వచ్చే మేస్త్రీలూ ఉన్నారు.

మంచినీళ్ల గ్లాసు గురించి చెప్పకుండా ఉండలేను. కొత్త ఇంట్లో కూర్చోగానే ‘మీరేమిట్లు మేడం?’ అని కులం అడుగుతారు. దళితవాడలో మీ ముందు నీళ్లు పెట్టి, మీరు తాగుతారా లేదా అని ఇంటిల్లిపాదీ గమనిస్తారు. ఫ్లోరైడ్ భయంతో మర్రిగూడ, మునుగోడు వైపు మా వాళ్లు కొందరు బాటిల్ వెంట తీసుకుపోయేవారు. వాళ్ల కారణం వేరైనా ఇంటివాళ్లకు అర్థమయ్యేది ఒక్కటే. తాగండి. బత్తాయిలు సంచి నిండా ఇస్తే రెండు తీసుకుని మిగిలినవి అక్కడే ఉంచండి. కోడిని మాత్రం తీసుకోకండి, నేను ఒకసారి తీసుకుని మూడు బస్సులు మారాను.

చెరువుగట్టు గుడిలో అమావాస్య నిద్ర చేసి వచ్చినవాళ్లను, దర్గాలో తాయెత్తు కట్టించుకున్నవాళ్లను వెక్కిరించకండి, పోవద్దని కూడా అనకండి. గోలీలు సంచిలో పెట్టుకుని పొమ్మనండి. కానీ గొలుసు కనబడితే ఊరుకోవద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు మంటల్లోంచి తప్పించుకోలేక చనిపోయారు, మొత్తం 28 మంది. ఇప్పటి చట్టం గొలుసుతో కట్టడాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. అయితే గొలుసు విప్పించిన సాయంత్రం ఆ ఇంటివాళ్లను వదిలేసి రాకండి, వాళ్లు కట్టింది భయంతో.

‘నీకు తెల్వకుంట మాట్లాడ’ అన్న నా నియమానికి ఒక మినహాయింపు ఉంది, దాన్ని మొదటి రోజే చెప్పాలి. ‘నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో అపాయం ఉందనిపిస్తే నేను ఎవరికైనా చెబుతా, అప్పుడు నిన్ను అడగను’ అని ముందే అనాలి. పత్తి పండే ఊళ్లలో పురుగుల మందు డబ్బా ఇంటి మూలనే ఉంటుంది. దాన్ని తాళం వేసి పెట్టమని, లేదా పొరుగింటికి మార్చమని చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. రాత్రిపూట మీరు దొరకరు కాబట్టి, మానసిక సహాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోను నంబరు 14416 గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. మన ఊళ్లలో ఫోను నంబర్లకు గోడే పుస్తకం.

ఇదంతా ఎంతమందితో సాధ్యమని మీరు అడుగుతారు. మాడిసన్ పద్ధతిలో ఒక్కో ఉద్యోగికి సుమారు పది మంది. నా రిజిస్టరులో ఒక దశలో 140 పేర్లు ఉండేవి. నేను నిజం చెబుతున్నాను, 140 మందితో సంబంధం ఉండదు, రిజిస్టరు ఉంటుంది. మన దేశంలో, తమిళనాడు, గోవా, మహారాష్ట్రలలో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బు ఉన్న 282 మందితో జరిగి 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు ఏడాది పాటు ఇళ్లకు పోయి పనిచేస్తే, దవాఖానలో మాత్రమే చూపించుకున్నవాళ్ల కంటే కొంత ఎక్కువ మేలు కనిపించింది. కొంతే. అయినా ఆ కొంతలో ఒక మనిషి గడ్డం గీయించుకోవడం ఉంటుంది, ఒకరు బండి మీద మిర్యాలగూడ పోయి రావడం ఉంటుంది. మీ పై అధికారులతో సంఖ్య తగ్గించమని పోట్లాడండి; తగ్గించకపోతే, ఎవరి దగ్గరికి ప్రతి నెలా పోవాలో, ఎవరికి ఫోను సరిపోతుందో మీరే తేల్చుకుని, ఆ సంగతి వాళ్లకు చెప్పండి. వస్తానని చెప్పి పోకపోవడం కంటే రాలేనని చెప్పడం మేలు.

చివరగా, వదిలి రావడం గురించి. ప్రాజెక్టులు ముగుస్తాయి, బదిలీలు వస్తాయి, మనలో ఆడవాళ్లకు పెళ్లిళ్లు అవుతాయి. కొత్త కార్యకర్తకు ఫైలు అప్పగించి చెప్పాపెట్టకుండా మాయమయ్యే పద్ధతి మన దగ్గర ఎక్కువ. ఆ యువకుడి ఊరు నా పరిధి నుంచి మారినప్పుడు నేను మూడు నెలల ముందే చెప్పాను, చివరి మంగళవారం నా తరువాత వచ్చే అమ్మాయిని వెంట తీసుకుపోయాను. వేపచెట్టు కిందే ముగ్గురం కూర్చున్నాం. అతని గురించి ఆమెకు చెప్పవలసిందంతా అతని ముందే చెప్పాను, చల్ల సంగతితో సహా. తల్లి కొంచెం దూరంలో మిరపకాయలు తొడిమలు తీస్తూ వింటున్నది. ‘ఎర్రగడ్డకు మూడుసార్లు పోయి వచ్చిండు’ అని నేను అన్నప్పుడు అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

‘రెండుసార్లే అక్కా. మూడోసారి గేటు కాడికి పోయి వాపసు వచ్చినం’ అన్నాడు.

ఆ అమ్మాయి మూడు కొట్టేసి రెండు రాసుకుంది.